పర్లేదండీ

రెండు వారాల్లో మా ఆఫీసు యూపీఎస్ గదిని మూడుసార్లు తెరిపించాను. రోజూ మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో వైరు కాలిన వాసన వచ్చేది. అడ్మిన్‌కి మెయిళ్ళు పెట్టాను. ఎలక్ట్రీషియన్‌తో గొడవపడ్డాను. ఒకరోజు నా టీమ్ ఎనిమిదిమందినీ మెట్లమీదుగా కిందికి పరిగెత్తించాను కూడా. మూడోసారి ఆ ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంటూ, "మేడం, ఇక్కడేం కాలట్లేదండీ. మీ ఒక్కళ్ళకే వాసనొస్తందంటే, ఓసారి మీరే ఎక్కడన్నా చూపించుకోండి" అన్నాడు.

వెటకారంగానే అన్నాడు. కానీ నా జబ్బుని మొట్టమొదట కనిపెట్టింది అతనే.

స్కాన్‌లో కుడిచెవికి పైన, బాగా లోపలగా, ఉసిరికాయంత గడ్డ కనిపించింది. ఈ గడ్డల్ని ఎప్పుడూ కాయలతోనే ఎందుకు పోలుస్తారో నాకర్థం కాదు. ఆ రోజే మా అమ్మ ఉసిరికాయ పచ్చడి జాడీని అటక మీద పెట్టేసింది.

"వాసన ఎన్నాళ్ళనుంచి వస్తోంది తన్మయీ?" అనడిగారు డాక్టర్ నస్రీన్.

"పదిహేను రోజుల్నించండి," అంది అమ్మ.

"నిద్ర బాగా పడుతోందా?"

"శుభ్రంగా పడుకుంటదండి."

"తలనొప్పి?"

"ఏదో, పర్లేదండీ."

నేను మూడుసార్లు నోరు తెరిచి మూడుసార్లు మూసుకున్నాను. మన ఆసుపత్రుల్లో అంతే. జబ్బు ఒకరిది, జవాబులు ఇంకొకరివి. అందులోనూ మా అమ్మ హైమ ఆర్టీసీ కండక్టరు. తాడేపల్లిగూడెం-ఏలూరు రూట్లో ఇరవై రెండేళ్ళు. టికెట్లన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోయినా ఆమెని మాత్రం బస్సులోంచి దించలేకపోయారు. మనిషి ఎక్కే తీరు చూసి ఎక్కడ దిగుతాడో చెప్పేస్తుంది. ఎదుటివాళ్ళు నోరు తెరిచేదాకా ఆగడం ఆమె ఉద్యోగంలో లేదు. నాన్న నా ఎనిమిదో ఏట పోయారు కాబట్టి ఇంట్లోనూ అడ్డుచెప్పేవాళ్ళు లేరు.

డాక్టరు ఉన్నట్టుండి నా ముంజేతిమీద గిల్లారు.

"ఇది నొప్పి అని తెలియడం ఒకటి. ఆ నొప్పి నీకు పట్టడం ఇంకొకటి. ఆ రెండోది జరిగే చోట కూర్చుంది నీ గడ్డ. తీసేస్తే నువ్వు బతుకుతావు. నడుస్తావు, మాట్లాడతావు, లెక్కలు చేస్తావు. కానీ ఏదీ నీదాకా రాదు."

"మరెలాగండీ?" అంది అమ్మ. ఈసారి మాత్రం నేనూ అదే అడిగేదాన్ని.

డాక్టరు ఒక గాజుపెట్టె తీసి బల్లమీద పెట్టారు. అందులో సాలెగూడంత పల్చటి జాలీ. దానికి పెద్ద పేరేదో ఉంది గానీ, కొండపల్లి దగ్గర ఆవిడ పనిచేసే పరిశోధనాలయంలో అందరూ అల్లిక అనేవారు. గడ్డ తీసిన గుంటలో దాన్ని పరుస్తారు. పోయిన ముక్క చేసే పని అది చేస్తుంది. అయితే దానికి ముందే నేర్పాలి. ఆపరేషన్‌కి ముందు ఆరు వారాలు, గుండు చేయించుకుని తలకి టోపీ పెట్టుకుని, ఏది ఎలా ఉందో నేను చెబుతూ పోవాలి. టోపీ నా మెదడు కదలికని పట్టుకుంటుంది. నా మాట దానికి పేరవుతుంది.

నాకు నవ్వొచ్చింది. నా ఉద్యోగమే అది. యంత్రాలకి ఏది ఏమిటో చెప్పేవాళ్ళకి, ఎలా చెప్పాలో చెప్పడం. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటిరోజే చెబుతాను: బొమ్మ తప్పయితే ఒక్క బొమ్మే పోతుంది, దానికి పెట్టిన పేరు, అదే లేబుల్, తప్పయితే యంత్రమే పోతుంది.

*

నేర్పే గది తలుపుమీద పెద్దక్షరాలతో రాసి ఉంది: పేషెంటు తప్ప ఇతరులకు ప్రవేశం లేదు.

"గుండు చేసిన పెళ్ళికాని పిల్లని ఒక్కదాన్నీ గదిలో ఎట్టి తలుపేస్తారా? నేను మూలన కూర్చుంటా బాబూ. ఉన్నట్టే తెలీదు నీకు," అంది అమ్మ.

టెక్నీషియన్ ప్రభుదాసు మంచివాడు. మంచివాళ్ళతో వచ్చే చిక్కే అది.

"మాట్లాడకూడదాంటీ మరి."

"అబ్బే, నేనెందుకు మాట్టాడతాను?"

గదిలో కెమెరా చూసి దాన్నీ ఆపించింది. గుండుతో ఉన్న పిల్లకి వీడియోలేంటంది. ప్రభుదాసు అదీ ఆపేసి గోడకవతల తన గదిలోకి వెళ్ళిపోయాడు. అక్కడినుంచి మా మాటలు స్పీకర్లో వినడమే. యంత్రం నా గొంతుని గుర్తుపట్టి నా జవాబునే రాసుకుంటుంది, కాబట్టి భయం లేదని అతని నమ్మకం. ఫోనెత్తితే మా చుట్టాలకే మా ఇద్దరి గొంతుల తేడా తెలియదని అతనికి ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు. నేనూ చెప్పలేదు.

కుర్చీ చెయ్యి నా మణికట్టుమీద ఐసు పెట్టింది.

"ఎలా ఉందండీ?" స్పీకర్లో ప్రభుదాసు.

చెప్పాలి. కానీ ఫిట్స్ రాకుండా వాడే మాత్రలవల్ల నా మాటలు గోడౌన్‌లోంచి తెస్తున్నట్టు వచ్చేవి. 'కొరుకుతోంది' అన్న మాట కోసం వెతుకుతున్నాను.

"పర్లేదండీ," అంది మూలనుంచి అమ్మ.

యంత్రం టింగుమంది. తర్వాతది.

మొదటిరోజు నేను కళ్ళెర్రజేశాను. "పాపం ఆ అబ్బాయి పొద్దున్నుంచీ అడుగుతున్నాడు. బాలేదంటే ఏమనుకుంటాడే?" అని గొణిగింది. ఆమె దృష్టిలో అది ప్రశ్న కాదు, మర్యాద. ఎలా ఉందని అడిగినవాడికి పర్లేదని చెప్పాలి. వేడి గుడ్డ ఒంటిమీద వేసినా పర్లేదు. పంటి డ్రిల్లు మోత పర్లేదు. కొత్త చెప్పుల వాసన, వానలో తడిసిన కుక్కపిల్ల వీడియో, మా హాస్టల్ కారిడార్ ఫొటో, అన్నీ పర్లేదండీ.

రెండోవారానికి నేనూ ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే హాయిగానే ఉండేది. ఆమె చెబితే తొందరగా అయిపోయేది. తప్పులుంటే తర్వాత సరిచూసుకుందాంలే అనుకున్నాను. నా టీమ్‌లో ఎవరైనా ఆ మాటంటే వాళ్ళని ఆ రోజు భోజనానికి కూడా వదలను.

మా ఇద్దరికీ పెద్ద గొడవ ఒక్కసారే జరిగింది, అయిదోవారంలో. నేను స్నానం చేస్తుంటే మా మేనేజర్ ఫోన్ చేశాడు. అమ్మ ఎత్తింది. తిరిగి ఎప్పుడు చేరతావని అతనడిగితే, "నేనింక రాలేనండీ, ఎవర్నన్నా పెట్టుకోండి" అని చెప్పేసింది. నా గొంతుతో. అతను నేనే అనుకుని, బాధపడి, సరేనన్నాడు.

"నీ బుర్రకి విశ్రాంతి కావాలని చెప్పానే," అంది.

ఆ రోజంతా నేను ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడానికీ ఆ గదికే వెళ్ళాం.

*

ఆపరేషన్ బాగా జరిగింది. దీని గురించి చెప్పడానికి అంతకంటే ఏమీ లేదు. ఆ తొమ్మిది గంటలూ నేను లేను. గడ్డ నెమ్మదైన రకమని తేలింది. ఆరునెలలకోసారి స్కాన్ చాలన్నారు. పదకొండోరోజున కుట్లు విప్పారు. నా కాళ్ళతో నేను నడిచాను. ఎక్కాలు వెనకనుంచి చెప్పాను. ప్రభుదాసు అందరికీ పూతరేకులు పంచాడు. నేనూ ఒకటి తిన్నాను. తియ్యగా ఉందని తెలిసింది.

ఇంటికొచ్చిన వారానికి, పొయ్యిమీదనుంచి పప్పుగిన్నె దించి వట్టిచేతుల్తో పట్టుకుని బల్లదాకా నడిచాను. కాలుతోందని తెలుస్తూనే ఉంది. కానీ పెద్ద విషయంలా అనిపించలేదు. గిన్నె కింద పెట్టాక చూస్తే అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

అమ్మ ఆ చేతుల్ని నీళ్ళలో పెట్టి ఏడుస్తోంది. నేను ఆమె వంక చూస్తున్నాను. పాపిట పక్కన తెల్లవెంట్రుకలు. ముక్కు ఎర్రబడింది. ఈవిడ మా అమ్మ. పేరు హైమ. నన్ను ఒంటిచేత్తో పెంచింది. జ్వరమొస్తే డిపోకి సెలవు పెట్టేది. అన్నీ గుర్తున్నాయి, ఒక్కటి కూడా చెరగలేదు. అయినా బస్సులో పక్క సీటావిడ ఎందుకో ఏడుస్తుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. పాపం అనిపించింది. నా స్టాప్ ఇంకా ఎంతదూరమో అనిపించింది.

"మంటగా ఉందా తల్లీ?"

"లేదు. బానే ఉంది."

ఆమె నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నా చేతులు వదిలి తువ్వాలు కోసం లోపలికి వెళ్ళింది. ఎంతకీ బయటికి రాలేదు. ఏం జరిగిందో నాకంటే ముందు ఆమెకే తెలిసిపోయినట్టుంది.

*

నలభయ్యోరోజున నా రికార్డింగులు నాకు ఇమ్మని అడిగాను. వృత్తిలో పాఠం: నేర్పిన యంత్రం తేడాగా ఉంటే ముందు లేబుళ్ళు వినాలి.

మొత్తం మూడువేల రెండువందల జవాబులు. నేనూ, డాక్టర్ నస్రీన్, ప్రభుదాసు కూర్చుని నాలుగు రోజులు విన్నాం. కొన్నిచోట్ల నాకే అనుమానం వచ్చేది, ఇది నేనా అని. మాటకి ముందు గాజుల చప్పుడుంటే అమ్మ. అలా గుర్తుపట్టాం. పదకొండువందల నలభయ్యారు జవాబులు ఆమెవి. అందులో వెయ్యికి పైగా ఒకటే మాట.

ప్రభుదాసు చెవుల్లోంచి హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టాడు. "నాదే తప్పండీ. నేను లోపలికి రానివ్వకుండా ఉండాల్సింది."

"నువ్వు కాదు. నేను నోరు మూసుకున్నాను," అన్నాను. బాధపడుతూ అన్నానని చెప్పలేను. లెక్క ప్రకారం అన్నాను.

రెండువేల ఎనిమిదివందల పన్నెండో నంబరు దగ్గర ముగ్గురం ఆగాం. తెరమీద ఒక ఫొటో. ఖాకీ చొక్కా చీరమీద వేసుకుని, బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడి నవ్వుతున్న అమ్మ. నా ఫోన్లోంచి యంత్రమే ఏరుకున్న ఫొటో.

రికార్డింగులో ప్రభుదాసు గొంతు: "ఈవిణ్ణి చూస్తే ఎలా ఉందండీ?"

గాజులు కదిలాయి. తనని తాను తెరమీద చూసుకుని సిగ్గుపడిన చిన్న నవ్వు.

"ఆఁ... పర్లేదండీ."

టింగ్.

డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు. "తొంభయ్యోరోజుకి అల్లిక చుట్టూ కండ పట్టేస్తుంది. ఆ తర్వాత లేబుళ్ళు మార్చలేం."

"తర్వాత అది నేర్చుకోదా?"

"నేర్చుకుంటుంది. చాలా మెల్లగా. ఉన్నదానిమీదే కట్టుకుంటూ పోతుంది."

అంటే పునాది పర్లేదండీ.

మెదడు కదలికలు మాత్రం భద్రంగా ఉన్నాయి. అవి నావే. పేర్లే తప్పు. పేర్లు మార్చితే చాలు. కానీ ఎవరు మార్చాలి? నేనిప్పుడు ఏది చూసినా అల్లికలోంచే చూస్తున్నాను. అందుకని సాక్ష్యాలు వెతికాను. పాత మెసేజీలు, రివ్యూలు, స్నేహితులతో వాదనలు. పంటి డ్రిల్లంటే నాకు చచ్చేంత భయమని మా రూమ్మేటుకి పంపిన ఆడియో దొరికింది. తడిసిన కుక్కపిల్లల కోసం నేను రెండు గ్రూపులు నడిపానట. పరాయిమనిషి జీవితానికి దరఖాస్తు నింపుతున్నట్టు ఏడువందల పైచిలుకు సరిచేశాను. మిగిలిన నాలుగువందలకి కాగితాల్లో సాక్ష్యం లేదు. కెమెరా లేదు. ఆ క్షణంలో నా మొహం చూసిన మనిషి ఒక్కతే ఉంది.

"నాకన్నీ గుర్తున్నాయి," అంది అమ్మ.

*

ఎనభై మూడోరోజు. అదే గది, అదే కుర్చీ. కొత్త పేర్లు అల్లికకి చేర్చడానికి నాకు టోపీ పెట్టి నోటికి టేపు అంటించారు, పొరపాటున కూడా నేను మాట్లాడకుండా. ఈసారి జవాబులు అమ్మవే అని యంత్రానికి అధికారికంగా చెప్పారు. ప్రభుదాసు మా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఆంటీ, మర్యాదలొద్దు. ఉన్నదున్నట్టు."

"ఉన్నదున్నట్టే బాబూ."

ఐసు ముక్క బొమ్మ వచ్చింది. "పళ్ళు నూరింది. పదికి ఏడు బాధ."

కొత్త చెప్పుల వాసన. "కళ్ళు మూసుకుని పీల్చింది. దానికట్టాంటి పిచ్చి వాసనలన్నీ ఇష్టమే. ఎనిమిదేసుకో."

హాస్టల్ కారిడార్. "దిగులుపడింది. ఎందుకో నాకు తెలీదు. అక్కడేం జరిగిందో నాకెప్పుడూ చెప్పలా."

రెండు గంటలు. ఒక్కదానికీ తడుముకోలేదు. ప్రయాణికుల స్టాపులు గుర్తుపెట్టుకున్నట్టే నా కనుబొమలన్నీ గుర్తుపెట్టుకుంది. అంత శ్రద్ధగా నన్ను చూస్తూ, అంత ధైర్యంగా అబద్ధం చెప్పగలిగిన మనిషి ఇంకొకరు ఉండరు.

ఒక ఆలోచన నన్ను వదల్లేదు. ఇప్పుడీమె ఏం చెబితే అదే నిజం. నాకు బెండకాయ ఇష్టమంటే ఇష్టమే. సముద్రం భయమంటే భయమే. తప్పని పట్టుకునే చోటే నాలో లేదు. టేపు కింద నా నాలుక ఊరికే కదులుతోంది.

ఫొటో వచ్చింది. ఖాకీ చొక్కా, ఫుట్‌బోర్డు, నవ్వు.

అమ్మ ఆగిపోయింది.

"ఆంటీ?"

"నాది నేను చెప్పకూడదేమో బాబూ."

"చూసింది మీరే కదాంటీ."

అమ్మ నా వైపు తిరిగింది. నాకు ఆ క్షణంలో ఆమె మీద ఏ భావమూ లేదు. కానీ కూతుళ్ళ గురించి నాకు సమాచారం ఉంది. ఏది సరైన జవాబో తెలుసు. అందుకే రెండు చేతులూ పైకెత్తి పది వేళ్ళూ చూపించాను. పది. రాయించెయ్. ఎవరడుగుతారు?

ఆమె నా వేళ్ళవంక చూసింది. ఆ పది తీసుకుంటుందనే అనుకున్నాను. ఎవరైనా తీసుకుంటారు.

"ఆ రోజు అది నన్ను చూళ్ళేదు బాబూ," అంది. "తెరమీద నా మొహం రాగానే గోడవైపు తిరిగిపోయింది. పొద్దున్న దాని ఆఫీసువాళ్ళకి నేనే ఫోన్లో మానేస్తానని చెప్పేశాను. దవడ బిగించింది. చెవులు ఎర్రగా అయిపోయినాయి. కోపం. అంతా కోపమే."

"ఎంతాంటీ?"

"తొమ్మిది."

ప్రభుదాసు వేలు బటన్ మీద పెట్టి నొక్కకుండా ఆగాడు. "ఆంటీ, ఇది ఇట్టాగే ఉండిపోద్ది. దీనిమీదే కట్టుకుంటూ పోద్ది. కాస్త తగ్గించి చెప్పినా..."

"ఇంకా ఎంత అబద్ధం ఆడమంటావు దానికి? నొక్కు."

టింగ్.

పది వేళ్ళూ ఇంకా గాలిలోనే ఉన్నాయి. నాకు దించాలని తోచలేదు.

*

అల్లిక ఆపి, మళ్ళీ మొదలుపెట్టడానికి నలభై నిమిషాలు పట్టింది. టేపు తీశారు. మాటలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూసుకుని, ఇంక వెళ్ళొచ్చన్నారు డాక్టర్ నస్రీన్.

నాలుగో అంతస్తు లిఫ్టు దగ్గర అమ్మ నా చెప్పులు పట్టుకుని నిలబడి ఉంది. నేను నడుచుకుంటూ వెళ్ళి ఆమె మొహం చూశాను.

ముందు చెవులు వేడెక్కాయి. తర్వాత దవడ. మూడునెలల తర్వాత నాదాకా వచ్చిన మొట్టమొదటి సంగతి అది.

"నిన్నెవరు చెప్పమన్నారు?" అరిచాను. కారిడార్లో వీల్‌చైర్లు ఆగిపోయాయి. "నా ఉద్యోగం నీదా? నా నొప్పి నీదా? ఎలా ఉందని నన్నడిగితే మధ్యలో నువ్వెవరు? పర్లేదు, పర్లేదు, పర్లేదు! నా బుర్రనిండా నువ్వే కదే! ఎక్కడ వెతికినా నీ గొంతే వినిపిస్తోంది!"

ఆమె కదల్లేదు. చెప్పులు గుండెకి ఆనించుకుని, ఒక్కమాట అడ్డురాకుండా విన్నది. మొహంలో ఎంత ఆశగా ఉందంటే, అది చూస్తే నాకు ఇంకా మండింది. తిట్లు అయిపోయాయి. గోడకి ఆనుకుని, ఆ కోపం అడుగున ఇంకేదైనా ఉందేమోనని చెయ్యి పెట్టి దేవినట్టు దేవాను. ఉండాలి. మనుషులు ఉత్తినే అంత కోప్పడరు. ఎక్కడో చదివిన గుర్తుంది. కానీ చేతికేం తగల్లేదు.

"అమ్మా," అన్నాను. "నాకు నీమీద ఇదొక్కటేనా ఉండేది? ముందు... ఇంకేమైనా ఉండేదా? నువ్వు చూశావా?"

ఆమె నోరు తెరిచింది. ఇరవై రెండేళ్ళ అలవాటు నాలుక చివరదాకా వచ్చి ఆగడం కళ్ళారా చూశాను. పెదాలు కలిపేసుకుంది. కళ్ళు నిండి కారుతున్నా తుడుచుకోలేదు.

"నేను చెప్పను," అంది. "నేను చెప్తే మళ్ళీ నాదే అయిపోద్ది."

"చెప్పమ్మా."

తల అడ్డంగా ఊపింది. వంగి నా చెప్పులు నా కాళ్ళముందు పెట్టింది.

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. మేమిద్దరం లోపలికెళ్ళి నిలబడ్డాం. లిఫ్టు నడిపే పెద్దాయన బటన్ల మీద వేలుపెట్టి అడిగాడు. "ఏ ఫ్లోరమ్మా?"

అమ్మ నా వంక చూసింది. నేను అమ్మ చెబుతుందేమోనని చూశాను.

తలుపులు మూసుకున్నాయి. ముగ్గురం అలాగే నిలబడి ఉన్నాం.